కాళహస్తి నుంచి సింగపూర్ దాకా, మధ్యలో ఏ గడపా తొక్కకుండా

చెన్నై నుంచి సింగపూర్‌కి ఆకాశంలో దాదాపు రెండు వేల తొమ్మిది వందల కిలోమీటర్లు. గాలి అనుకూలిస్తే నాలుగు గంటలు, లేకపోతే ఇంకో పావుగంటో ఇరవై నిమిషాలో. ఈ లెక్క నాకు కంఠతా వచ్చు. సింగపూర్‌లో సరుకులు పంపే ఒక కంపెనీలో దారులు వేసే పని నాది. ఏ పెట్టె ఏ ఊరి మీదుగా పోతే ఎప్పటికి చేరుతుందో చెప్పడమే నాకు కూడు పెడుతోంది. అందుకే ఇక్కడి మన తెలుగువాళ్ళు "శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకుని రావాలంటే ఎన్ని రోజులు సెలవు పెట్టాలి?" అని నన్నే అడుగుతారు. నేను కూడా పెద్ద ఆరిందాలా రెండు రోజులు చాలని చెప్పేదాన్ని. అప్పటికి నేనెప్పుడూ ఆ పూజకి వెళ్ళలేదు.

వెళ్ళాల్సి వచ్చింది. నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మొదటిసారి నాలుగో నెలలో, రెండోసారి ఆరో నెలలో. ఎన్ని పరీక్షలు చేసినా కారణం దొరకలేదన్నారు డాక్టర్లు. దోషాలూ గ్రహాలూ అంటే నేను గోడ మీద పిల్లిని: నమ్మనూ నమ్మను, నమ్మకుండా ఉండే ధైర్యమూ లేదు. మా చెల్లెలు రేవతి ఏడాదిగా ఫోన్లో పోరుతోంది. "ఒకసారి వచ్చి చేయించుకుని పో అక్కా. రాత్రికి మా ఇంట్లో పండుకుని మర్నాడు పోదువు." రేవతిని పిచ్చాటూరు దగ్గర ఒక పల్లెకి ఇచ్చాం. అమ్మా నాయనా ఇద్దరూ పోయాక మాకు మేమిద్దరమే. దాన్ని చూసి మూడేళ్ళు దాటింది. ఇప్పుడు దానికి ఎనిమిదో నెల.

సరే, దారి వేశాను. గురువారం పొద్దున చెన్నైలో దిగడం, మధ్యాహ్నం రాహుకాలంలో పూజ, సాయంత్రానికి రేవతి ఇల్లు, రాత్రి అక్కడే, శుక్రవారం రాత్రి తిరుగు విమానం. కాళహస్తి దర్శనం అయ్యాక ఇంకో గుడికి గానీ, ఇంకొకరి ఇంటికి గానీ వెళ్ళకూడదు, నేరుగా ఇంటికి పోవాలన్న ఆచారం నాకు తెలియక కాదు. చిత్తూరులో పుట్టినదాన్ని, ఉగ్గుపాలతో పాటే విన్నాను. కానీ అమ్మానాన్నలు లేని ఆడదానికి చెల్లెలి ఇల్లే పుట్టిల్లు. పుట్టింటికే కదా పోతున్నాను, అది వేరే వాళ్ళ ఇల్లెలా అవుతుంది అనుకున్నాను. నా లెక్క అక్కడే తప్పింది.

సింగపూర్‌లో తెల్లవారకముందే ఎక్కిన విమానం చెన్నైలో పొద్దున్నే దింపింది. పడమటికి వస్తున్నాం కాబట్టి గడియారం రెండున్నర గంటలు వెనక్కి జరుగుతుంది. ఊరికే వచ్చిన ఆ సమయాన్ని చూసి సంతోషపడకండి, తిరిగి వెళ్ళేటప్పుడు అదే గడియారం లాగేసుకుంటుంది. రేవతి తెలిసినవాళ్ళ చేత మాట్లాడించి పెట్టిన కారు బయట సిద్ధంగా ఉంది. రానూ పోనూ ఆరున్నర వేలు. డ్రైవరు పేరు మునిరత్నం, యాభై దాటిన మనిషి, కాళహస్తి పక్క పల్లెవాడు. వెళ్ళేటప్పుడు తడ దాకా పెద్ద రోడ్డు, అక్కడ ఎడమకి తిరిగితే వరదయ్యపాళెం మీదుగా కాళహస్తి. మొత్తం నూట పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. టిఫినుకి ఆగినా పన్నెండుకి ముందే చేరాం. దారంతా మునిరత్నం కబుర్లు ఆపలేదు. మామిడికి ఈసారి రేటు రాలేదని, పెద్ద కూతురు తిరుపతిలో నర్సుగా చేరిందని, సింగపూరులో ఎండ ఎట్లుంటాదని.

గుడి గురించి వెళ్ళబోయేవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. పూజ టిక్కెట్లు కౌంటర్లోనే ఇస్తారు, రకరకాల ధరలున్నాయి, అవి మారుతుంటాయి. నేను ఏడువందల యాభైది తీసుకున్నాను. పూజ సామగ్రి వాళ్ళే ఇస్తారు. హాల్లో వరసలుగా కూర్చోబెట్టి, అయ్యవారు మైకులో చెబుతుంటే అందరం ఒకేసారి చేస్తాం: రెండు వెండి పడగలు, వాటి కింద నల్ల గుడ్డ, ఎర్ర గుడ్డ, మినుములు, ఉలవలు. ఒకసారి తెలుగులో, ఒకసారి తమిళంలో. నా చుట్టూ అందరూ జంటలే. మా ఆయనకి సెలవు దొరకలేదు, నేను ఒక్కదాన్నే. "మీ కోరిక మనసులో చెప్పుకోండి" అని మైకులో వినిపించినప్పుడు నాకు ఏ కోరికా తోచలేదు. పుట్టని ఆ ఇద్దరూ గుర్తొచ్చారు. వాళ్ళకి పేర్లు కూడా పెట్టలేదు. వాళ్ళని దోషం అని పిలిచి పడగల ముందు వదిలేసి పోతున్నానా అనిపించింది. తర్వాత స్వామి దర్శనం. ఇక్కడ స్వామి వాయులింగం. గాలి దూరే సందు లేని గర్భగుడిలో అన్ని దీపాలూ నిలకడగా ఉంటే ఒక్క దీపం మాత్రం ఊగుతూ ఉంటుంది. చిన్నప్పుడు నాయన భుజాల మీదెక్కి ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు మాత్రం దాన్ని ఎక్కువసేపు చూడలేకపోయాను.

బయటికి వచ్చి కారెక్కాను. నా సంచి నా ఒళ్ళోనే ఉంది. కారు కదిలి స్వర్ణముఖి వంతెన దాటుతుండగా ముందు సీటు బెల్టు పెట్టలేదని కారు కూత పెట్టడం మొదలుపెట్టింది. ముందు సీట్లో ఎవరూ లేరు. నేను వంగి చూశాను. నీళ్ళ సీసా కూడా లేదు.

"ఏమన్నా బరువు పెట్టినారా అన్నా ఆడ?" అని అడిగాను. మన ఊరి గాలి తగిలితే నాలుక దానంతట అదే తిరుగుతుంది.

"ఏం లేదమ్మా." మునిరత్నం ఎడమచేత్తో బెల్టు లాగి ఖాళీ సీటుకి తగిలించాడు. కూత ఆగింది. "ఇట్ల పెట్టేస్తే అరవదు. కాళహస్తి నించి తిరుక్కునేటప్పుడు ఒగోసారి ఇట్ల అరస్తాదిలెండి."

"పొద్దున అరవలేదు గదా."

"పొద్దున యాల అరస్తాదమ్మా" అన్నాడు, అందులో వింతేముందన్నట్టు. "ఇంగ ఎయిర్‌పోర్టుకే గదా?"

"కాదు, పిచ్చాటూరు మింద పోదాం. మా చెల్లెలింటికి. రాత్రికి ఆడే ఉంటాను."

అతను కారు పక్కకి తీసి ఆపాడు. నావైపు తిరగలేదు, ఎదురుగా రోడ్డునే చూస్తూ అడిగాడు. "మీ ఇల్లు యాడుండాదమ్మా?"

"సింగపూర్లో."

"అయితే ఆడికే పోవల్ల."

"మూడు వేల కిలోమీటర్లన్నా."

"ఎంత దూరమైనా ఇల్లు ఇల్లే గదమ్మా. చెల్లెలిల్లు చెల్లెలిది."

"మాకు అమ్మానాయనా లేరన్నా. నాకు పుట్టిల్లన్నా అదే, ఇంకేదన్నా అదే."

"ఆయమ్మకి పిల్లోళ్ళా?"

"ఎనిమిదో నెల" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక గానీ నాకు వినపడలేదు. ఈ ఆచారం ఎవరి కోసమో అప్పుడు అర్థమైంది. పూజ చేయించుకున్న మనిషి కోసం కాదు. ఆ మనిషి తర్వాత అడుగుపెట్టే ఇంటి కోసం.

మునిరత్నం ఖాళీ సీటుకి తగిలించిన బెల్టుని ఒకసారి లాగి చూశాడు. "మీరు పొమ్మంటే పోతాను, బాడిగ బండి గదా. కానీ ఆడ నేను దిగను, నీళ్ళు గూడా తాగను" అన్నాడు.

రేవతికి ఫోన్ చేశాను. విషయం చెబితే నవ్వింది. "ఏందక్కా నువ్వు గూడా. సదువుకున్నదానివి. పొద్దన్నించి నీకోసరం సంగటి కెలికి, వంకాయ పులుసు పెట్టి కూసోనుండా." అంతలో వెనకనుంచి వాళ్ళత్త గొంతు వినిపించింది, మాటలు తెలియలేదు. ఫోన్ ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ రేవతే చేసింది, ఈసారి గొంతులో నవ్వు లేదు. "బస్టాపు కాడికి వస్తానక్కా. ఆడ మాట్లాడుకుందాం. నువ్వైతే రా." నేను రోడ్డు పక్క కార్లో కూర్చునే తిరుగు టిక్కెట్టు ఆ రాత్రి విమానానికి మార్చుకున్నాను. మార్చినందుకు తొమ్మిది వేలు తీసుకున్నారు. చెల్లెలితో గడపాల్సిన ఒక రాత్రి అలా పోయింది.

కాళహస్తి నుంచి కె.వి.బి.పురం మీదుగా పిచ్చాటూరు పోయే దారి చిన్నది, అందమైనది. కొండలు, చిట్టడవి, అక్కడక్కడా వేరుశనగ చేలు. ఇంకో రోజైతే ఫొటోలు తీసేదాన్ని. మునిరత్నం కబుర్లన్నీ కట్టిపెట్టేశాడు. ఒక మలుపులో మేకల మంద అడ్డమొచ్చింది. మామూలుగా మేకలు కారుకి రెండు పక్కలా చీలి పోతాయి. ఇవి ముందుకొచ్చి ఆగి, అన్నీ కుడిపక్కకే ఒత్తుకుని, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పోయాయి. ఎడమవైపు బోలెడంత ఖాళీ ఉంది. ముందు సీటు తలుపున్న వైపు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. కాపరి కర్రతో అదిలించినా రాలేదు. అతను కారు లోపలికి ఒకసారి చూసి, కర్ర దించేసి, మందతో పాటే కుడిపక్క నుంచి వెళ్ళిపోయాడు. నేను ఒళ్ళో ఉన్న సంచిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఏసీ తగ్గించమని మునిరత్నానికి చెప్పాను.

రేవతి బస్టాపులో సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉంది, పక్కన టిఫిన్ క్యారియర్. రోడ్డుకి అవతల, ఇరవై అడుగుల్లో, వాళ్ళ ఇల్లు. నీలం రంగు గేటు, గేటు ముందు ముగ్గు. గేటు దగ్గర వాళ్ళత్త ఇత్తడి చెంబు పట్టుకుని నిలబడి ఉంది. మూడేళ్ళుగా వీడియోల్లో చూస్తున్న వాకిలి కళ్ళెదుట ఉంది, నేను రోడ్డు దాటకూడదు.

నన్ను చూసి రేవతి లేచి ఆయాసపడుతూ కారు దగ్గరికి వచ్చింది. "ఎండగా ఉండాదక్కా, కార్లోనే కూసుందాం" అంటూ ముందు తలుపు పిడి పట్టుకుంది. దానికి పొట్టతో వెనక సీట్లోకి దూరడం కష్టం. తలుపు సందు తీసి, తగిలించి ఉన్న బెల్టు చూసి ఆగింది. "ఎవురున్నారిక్కడ?"

"ఆ తలుపు ముట్టగాకమ్మా" అన్నాడు మునిరత్నం. పొద్దున్నుంచీ అంత మెత్తగా మాట్లాడిన మనిషి గొంతు అలా గట్టిగా రావడంతో రేవతి చెయ్యి వెనక్కి తీసుకుంది. అతను దిగి వచ్చి, తలుపు నెమ్మదిగా మూసి, చేతులు కట్టుకుని అక్కడే కాపలాగా నిలబడ్డాడు.

బెంచీ మీద కూర్చున్నాం, మధ్య క్యారియర్ పెట్టుకుని. సంగటి ముద్ద చల్లారిపోయింది. రేవతి తినమంటోంది, నేను తింటున్నాను, అంతే. ఫోన్లో గంటలు గంటలు వాగేవాళ్ళం. ఉన్నట్టుండి దాని ముఖం వెలిగింది. "తంతా ఉండాదక్కా, సూడు, సూడు" అంటూ నా చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టబోయింది. నేను చెయ్యి లాగేసుకున్నాను. నిప్పు తగిలినంత గబుక్కున లాగేసుకున్నాను. అది నన్ను చూసింది. కోపం లేదు, ఏడుపూ లేదు, అసలు నేనెవరో పోల్చుకోలేనట్టు చూసింది. నా జీవితంలో నేను చేసిన ఏ ప్రయాణంలోనూ అంత దూరం పోలేదు.

వెళ్ళే వేళ వాళ్ళత్త గేటు దాటి రోడ్డు అంచు దాకా వచ్చింది. "తప్పుగా అనుకోగాకమ్మా. నీ మింద నాకేం లేదు" అంది అక్కడినుంచే.

"తెలుసత్తా. గుడికి పోకముందు వచ్చింటే?"

"వచ్చింటే సాప పరిచి కూకోబెట్టి అన్నం పెట్టుందును గదమ్మా. నీ సెల్లెలి పక్కన్నే పండుకునుందువు." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నిజంగానే బాధపడిందని ఇప్పటికీ నమ్ముతున్నాను. కారు కదిలాక వెనక అద్దంలోంచి చూశాను. ఆమె చెంబులోని పసుపు నీళ్ళు గేటు ముందు అడ్డంగా గీత గీసినట్టు పోస్తోంది. రేవతి గీతకి ఇవతల ఉండిపోతుందేమోనని నాకు పిచ్చి భయం వేసింది. అత్త రేవతిని ముందే లోపలికి పంపింది.

ఊత్తుకోట మీదుగా చెన్నై విమానాశ్రయానికి మూడు గంటలు. మునిరత్నం నన్ను దింపి, డబ్బులు తీసుకుని, ముందు తలుపు బార్లా తీసి, బెల్టు విప్పి, కొంచెంసేపు అలాగే నిలబడి మూశాడు. "మంచిగా పోయి రాండి" అన్నాడు. రాండి అన్నది నా ఒక్కదానికేనా అని నేను అడగలేదు.

విమానం నిండిపోయిందని కౌంటర్లో చెప్పారు. నా పక్క సీటు మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. ఎక్కిన కాసేపటికి విమానంలో పనిచేసే అమ్మాయి ఒక చిన్న పెట్టె తెచ్చింది, మీద ఏనుగు బొమ్మ. ఈ సీటుకి చిన్నపిల్లల భోజనం చెప్పి ఉందండీ, పాప ఎక్కడ, బాత్రూముకి వెళ్ళిందా అని అడిగింది. ఎవరో టిక్కెట్టు కొనుక్కుని రాలేకపోయి ఉంటారు. అంతకు మించి ఏమీ కాదు, ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం "ఇక్కడ పెట్టండి" అన్నాను. ఆమె ఆ సీటు ముందు బల్ల దించి పెట్టి వెళ్ళిపోయింది. ఎదుటి తెరలో బుల్లి విమానం బంగాళాఖాతం మీద పాకుతోంది, మిగిలిన కిలోమీటర్లు తగ్గుతున్నాయి. చుట్టూ అందరూ నిద్రపోయారు. నేను ఆ పెట్టె వైపు చూడకుండా ఉండటానికి ఆ అంకెలనే చూస్తూ కూర్చున్నాను. దిగేముందు అదే అమ్మాయి వచ్చి పెట్టె తీసుకుపోయింది. మూత తెరిచి ఉందో మూసి ఉందో నేను చూడలేదు.

తెల్లారేసరికి సింగపూర్. మా ఇల్లు పదకొండో అంతస్తులో. మా ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. తాళం తీసి గడప ముందు నిలబడ్డాను. దారి పొడుగునా అందరూ నాకు చెప్పింది ఎవరి ఇంటికీ వెళ్ళొద్దని. ఎవరింటికీ వెళ్ళకుండా నా ఇంటికి వస్తే, నాతో వచ్చింది కూడా నా ఇంటికే కదా వస్తుంది. ఆ మాట ఎవరూ చెప్పలేదు. నాకు భయం వేయాలి, వేయలేదు. సొంతవాళ్ళ వాకిలి కనబడుతున్నా రమ్మనే మాట వినపడకుండా ఎండలో ఉండటం ఎలా ఉంటుందో నాకు ముందురోజే తెలిసొచ్చింది. తలుపు పూర్తిగా తీసి, పక్కకి జరిగి, "రామ్మా, లోపలికి రా" అన్నాను. కాసేపు ఆగి, ఆ తర్వాత నేను లోపలికి వెళ్ళాను.

ఇది జరిగి మూడు నెలలైంది. రేవతికి పాప పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. పాపని ఫోన్లో చూస్తున్నాను. మా ఇంట్లో ఏమైనా తేడా వచ్చిందా అని మా ఆయన అడుగుతుంటాడు. ఏమీ రాలేదంటాను. ఆయన లేనప్పుడు ఒక్కోసారి రెండో గది తలుపు దగ్గరగా వేయబోయి, వేయకుండా వదిలేస్తాను. ఆ పూజ పనిచేసిందా లేదా అని నన్ను అడగకండి, నేను ఇంకా గోడ మీదే ఉన్నాను. ఎన్ని రోజులు సెలవు పెట్టాలి అంటే మాత్రం ఇప్పుడు మూడు రోజులని చెబుతున్నాను, రెండు కాదు. మొదటి రోజు మీవాళ్ళ ఇంటికి వెళ్ళండి. చాప పరిచి అన్నం పెడతారు, పక్కన పడుకోనిస్తారు, కడుపులో బిడ్డ తన్నితే చెయ్యి వేసి చూడనిస్తారు. గుడికి మర్నాడు వెళ్ళొచ్చు.